జారు దారిలో మోటారు సైకిలు

డిసెంబరు మాసమున కోనసీమ కాలువ గట్లపై ప్రయాణము చేసినవారికి ఆ దృశ్యము క్రొత్త కాదు. సార్వా కోతలు పూర్తి కావచ్చును. తారు రోడ్డునకు ఒక ప్రక్క పొడవునా ధాన్యము ఎండబోసియుండును. దాని అంచున హద్దుగా రాళ్ళు, కొబ్బరి మట్టలు పెట్టియుందురు. మిగిలిన సగము దారిలోనే బస్సులు, లారీలు, ట్రాక్టర్లు, మోటారు సైకిళ్ళు ఒకదానికొకటి తొలగుచు పోవుచుండును.

కొన్ని సంవత్సరముల క్రిందట అట్టి దారిలో, ప్రొద్దు క్రుంకు వేళ, మేము మోటారు సైకిలుపై పోవుచుంటిమి. వేగము నలుబది కిలోమీటర్లకు మించలేదు. ఎదుటినుండి వచ్చు లారీకి దారి యిచ్చుటకై ప్రక్కకు ఒత్తిగిలితిమి. ముందు చక్రము ధాన్యముపైకి ఎక్కగానే భయపడి బ్రేకు బిగించితిమి. తరువాత ఏమి జరిగినదో చెప్పుటకు కూడ వ్యవధి లేదు. బండి ఒక ప్రక్క, మేమొక ప్రక్క పడియుంటిమి. హెల్మెట్టు ఉన్నందున తల దక్కినది. మోచేయి, మోకాలు చెక్కుకొనిపోయినవి. అందరికంటె ముందు పరుగెత్తుకొని వచ్చినవాడు ఆ ధాన్యము గల రైతే. మమ్ము లేవనెత్తి కూర్చుండబెట్టి, కొబ్బరి బొండాము కొట్టి ఇచ్చి, “తప్పు మాదేనండి. ఏం చెయ్యమంటారు, ఆరబోసుకోడానికి చోటు లేదు” అనెను. మేమాయనపై కోపపడలేకపోతిమి. కాని ఒక ప్రశ్న మాత్రము మమ్ము వదలలేదు. మేము చేసిన పొరపాటు ఏది? ధాన్యముమీదికి పోవుటయా, బ్రేకు పట్టుటయా? దానికి సమాధానము వెదకుచు తెలిసికొన్న సంగతులనే ఇచట ముచ్చటింతుము.

మోటారు సైకిలు నేలను తాకు చోటు చాల చిన్నది. ఒక్కొక్క టైరు క్రింద ఇంచుమించు అరచేయి పాటి స్థలము. బండి పరుగెత్తుట, ఆగుట, మలుపు తిరుగుట, అన్నియు ఆ రెండు అరచేతుల మీదనే జరుగవలెను. ఆ చోట టైరునకు నేలతో గల పట్టును మేము నెల జీతముతో పోల్చెదము. వేగము తగ్గించుటకు కొంత, మలుపు తిరుగుటకు కొంత, ముందుకు లాగుటకు కొంత – ఈ ఖర్చులన్నియు ఆ ఒక్క జీతమునుండియే జరుగవలెను. పొడి తారు రోడ్డుపై జీతము పెద్దది గనుక కొంచెము దుబారా చేసినను సంసారము గడచిపోవును. వదులు నేలపై జీతము సగమునకు పడిపోవును. అప్పుడును పాత ఖర్చే పెట్టబోయినచో అప్పిచ్చువాడు లేడు, బండి పడును.

ఈ మాటను అంకెలలో చూతము. గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవు బండి, మంచి తారు రోడ్డుపై బ్రేకు పట్టిన తరువాత సుమారు 14 మీటర్లలో ఆగగలదు. పట్టు సగమైన కంకర నేలపై అదే బండికి 28 మీటర్లు కావలెను. ఇది బ్రేకు పట్టిన తరువాతి లెక్క మాత్రమే. ఆపదను చూచి, గ్రహించి, చేయి బిగించునంతలో ఒక్క సెకను గడచినను బండి మరి 14 మీటర్లు పోయియుండును. అదే బండి 25 కిలోమీటర్ల వేగమున వచ్చినచో ఆ కంకరమీదనే 7 మీటర్లలో ఆగును. వేగము సగమైన దూరము సగము కాలేదు, నాలుగవ వంతైనది. వదులు నేలపై మనకు గల ఆస్తి ఈ లెక్క ఒక్కటే. నేర్పు, ధైర్యము దీని తరువాతివి.

ఇక బండి నిలువుగా ఎట్లుండునో గమనింపవలెను. తోసి విడిచిన ఖాళీ సైకిలు, పట్టుకొనువారు లేకున్నను కొంతదూరము చక్కగా పోవుట బాల్యమున మనమందరము చూచినదే. బండి ఒక ప్రక్కకు వాలగానే ముందు చక్రము తనంతట తానే ఆ ప్రక్కకు కొంచెము తిరిగి, పడబోవు బరువు క్రిందికి వచ్చి చేరును. ఈ చిన్న సవరింపులు నిమిషమునకు ఎన్నియో జరుగుచుండును. మంచి రోడ్డుపై అవి మనకు తెలియను కూడ తెలియవు. ఇసుకలోనో, ధాన్యములోనో, దుబ్బలోనో చక్రము దిగబడినపుడు ఈ సవరింపులు పెద్దవై, హ్యాండిలు అటునిటు ఊగులాడును. క్రొత్తవాడు బెదరి, చేతులు కొయ్యలవలె బిగించి హ్యాండిలును అదిమిపట్టును. అనగా బండి తన్ను తాను నిలబెట్టుకొను ప్రయత్నమును అతడే అడ్డగించుచున్నాడు. మోకాళ్ళతో పెట్రోలు ట్యాంకును అదిమి పట్టి, భుజములు, మోచేతులు వదులు చేసి, చూపు చక్రము ముందర కాక దూరముగా నిలిపి, యాక్సిలరేటరును హెచ్చింపక తగ్గింపక పోవు వానికి బండి ఊగినను పడదు. ఊగుట వేరు, పడుట వేరు. ఈ భేదము శరీరమునకు తెలియవలెనన్నచో ఖాళీ మైదానమున, మెల్లని వేగమున, ఒక ఉదయమెల్ల అభ్యాసము చేయవలసినదే, చదివినందున రాదు.

బ్రేకుల విషయమున మన ఊళ్ళలో ఒక చిత్రమైన నమ్మకము కలదు. “ముందు బ్రేకు ముట్టుకోకు, పల్టీ కొడతావు” అని పెద్దలు చెప్పుచుందురు. గట్టి రోడ్డుపై ఈ మాట సరి కాదు. బండి ఆగునపుడు బరువు ముందు చక్రముమీదికి వచ్చును గనుక, ఆపు శక్తిలో అధికభాగము ముందు బ్రేకునదే. దానిని విడిచిపెట్టినవాడు దూరముగా పోయి ఆగును, లేదా ఆగకయే పోవును. కాని వదులు నేలపై ఆ పెద్దల భయములో సత్యమున్నది. వెనుక చక్రము బిగిసి జారినచో బండి తోక ఆడించును. బ్రేకు వదలిన తిరిగి దారికి వచ్చును. ముందు చక్రము బిగిసినచో ఆ అవకాశము లేదు. మాకు జరిగినది అదియే. ధాన్యపు గింజలు టైరు క్రింద బేరింగు గుండ్లవలె దొర్లినవి; చక్రము తిరుగుట మానినది; తిరుగని చక్రమునకు బండిని నిలబెట్టు శక్తి లేదు.

ఇంతకు మా ప్రశ్నకు సమాధానము ఈ రెండింటిలోను లేదు. ఆ లారీ మాకు చాల దూరమునుండియే కనబడుచుండెను. ధాన్యమును కనబడుచుండెను. రెండును కలిసికొను చోటు ఏదో ఊహించి, గట్టి తారుమీద ఉండగానే బ్రేకు పట్టి, గేరు తగ్గించి, అవసరమైన ఆగియే లారీని పోనిచ్చియుండవలసినది. వదులు నేలపై చేయవలసిన పనులన్నియు గట్టి నేలమీదనే చేసి ముగింపవలెను. లోనికి పోయిన తరువాత మిగులునది నెమ్మదిగా, సూటిగా సాగిపోవుట మాత్రమే. వేగము తగ్గవలెనన్న యాక్సిలరేటరును మెల్లగా విడువవలెను, వెనుక బ్రేకును సుతారముగా తాకవలెను.

ఈనాటి బండ్లకు ఎ.బి.ఎస్. అను ఏర్పాటు వచ్చినది గదా యని అడుగవచ్చును. మన దేశమున 125 సి.సి.కి మించిన బండ్లకు ఇది 2018లో క్రొత్త నమూనాలకును, 2019 ఏప్రిల్ నుండి అమ్మకమునకు వచ్చు అన్ని క్రొత్త బండ్లకును విధిగా చేయబడినది. చక్రము బిగిసిపోవునని తోచినపుడెల్ల బ్రేకును క్షణకాలము సడలించి మరల పట్టుట దీని పని. తడిసిన తారుపై ఇది ప్రాణదాతయే. కాని ఇది లేని పట్టును సృష్టింపదు. లోతైన కంకరమీద బిగిసిన చక్రము రాళ్ళను తన ముందు కుప్పగా పోగుచేసికొని దానికే ఒరిగి ఆగును, ఎ.బి.ఎస్. గల చక్రము దొర్లుచునే యుండును గనుక ఒక్కొక్కప్పుడు మరికొంత దూరము పోవుటయు కలదు. జీతమును దుబారా కానీయని గుమాస్తా వంటిది ఇది; జీతమును పెంచు యజమాని కాదు.

దారులు అన్నియు ఒకే తీరుగ మోసగింపవు. రాయలసీమలోను, తెలంగాణములోను ఉలవ, కంది, జొన్న వంటి పైరులను నూర్పిడికై రోడ్డుపై పరచుట కలదు. వాహనములు త్రొక్కిపోవుటయే నూర్పిడి. ధాన్యము జారును, ఈ కట్టె చుట్టుకొనును. చెయినునకు, ఇరుసునకు పెనవేసికొని చక్రమును ఆపివేయగలదు. దాని క్రింద గుంట యున్నను కనబడదు. ఇసుక రేవుల దగ్గరి మలుపులలో ట్రాక్టర్లనుండి ఒలికిన ఇసుక పలుచని పొరగా నిలిచియుండును. మలుపులో వాలియున్న బండికి ఆ పొరయే చాలును. అట్టి మలుపులలోనికి ముందుగానే వేగము తగ్గించి, వీలైనంత తక్కువ వాలుతో పోవుట మేలు. భీమవరము, కైకలూరు ప్రాంతములలో చేపల లారీలనుండి కారు నీరు రోడ్డును జిడ్డు చేయును. తొలకరి చినుకులు మరియొక మాయ. నెలల తరబడి రోడ్డుపై పేరుకొన్న దుమ్ము, నూనె తడిసి సబ్బు నురుగువలె అగును. కుండపోతగా కురిసి కడిగివేసిన రోడ్డుకంటె, చిటపట చినుకులు పడిన రోడ్డు ప్రమాదకరము. ఒక అరగంట ఏ టీ కొట్టు పంచనో నిలిచినచో నష్టమేమియు లేదు. టీ కొట్టువానికి లాభము కూడ.

నల్లరేగడి గురించి మేము చెప్పగలది తక్కువ. తడిసిన రేగడి టైరునకు అంటుకొని, మడ్‌గార్డులో గట్టిపడి, చక్రమును తిరుగనీయదు. దానికి ఉపాయము దిగి నడిపించుకొని పోవుటయే. రైలు గేటువద్ద పట్టాలను అడ్డముగా, లంబముగా దాటవలెను. ఏటవాలుగా దాటబోయిన చక్రము పట్టా వెంట పోవును. క్రొత్తగా చిన్న కంకర చల్లిన రోడ్డుమీద లారీ చక్రములు నడిచిన జాడలో పొండు, అచట రాళ్ళు కొంత అణగియుండును. రోడ్డు మార్జినులో దిగవలసివచ్చినపుడు తారు అంచు ఎంత ఎత్తున నున్నదో చూచి మరీ దిగుడు. మరల ఎక్కునపుడు అంచును ఒరసికొనుచు ఎక్కబోయి పడినవారు అనేకులు.

వెనుక కూర్చున్న వారి మాట మరువరాదు. మన స్త్రీలు ఒక ప్రక్కకు తిరిగి కూర్చుండుట వాడుక. బరువు ప్రక్కకు ఉన్నపుడు, ఇసుకలో హ్యాండిలు ఊగిన, ఆమె ఉలికిపడి కదలుటయే బండిని పడద్రోయవచ్చును. వెనుకవారికి పట్టుకొనుటకు పిడి, కాలు పెట్టుకొనుటకు ఆధారము, చీర చిక్కుకొనకుండ వెనుక చక్రమునకు కనీసము సగము వరకు కప్పు ఉండవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమావళి చెప్పుచున్నది. అందము చెడునని ఈ కప్పును ఊడదీయించు యువకులను మేమెరుగుదుము. వదులు నేల రాబోవుచున్నదని వెనుకవారికి ముందుగా ఒక మాట చెప్పుడు. మరీ చెడ్డ చోట వారిని దింపి, ఆవలి ఒడ్డున ఎక్కించుకొనుడు. ఆలి ముందర పడిపోవుటకంటె ఆలిని నాలుగడుగులు నడిపించుట గౌరవమే.

కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారము 2022లో మన దేశపు రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనములపై పోయినవారే. మెల్లగా పోవుచు పడినను తల రోడ్డునకు తగులు ఎత్తు తగ్గదు. హ్యాండిలునకు వ్రేలాడు హెల్మెట్టు హ్యాండిలునే కాపాడును. గడ్డము క్రింది పట్టీ పెట్టుకొననిచో అది మనకంటె ముందే ఎగిరిపోవును.

ధాన్యము రోడ్డుపైకి ఎందుకు వచ్చినదో కూడ చెప్పక తప్పదు. పూర్వము వరి కోసి పనలు చేలోనే ఆరబెట్టి, కుప్ప వేసి, తీరికగా నూర్చెడివారు; గింజ అప్పటికే ఆరియుండెడిది. నేడు కోత యంత్రము ఒకే పూటలో కోసి, నూర్చి, పచ్చి గింజను కుప్పగా పోసి పోవును. ప్రభుత్వపు కొనుగోలునకు తేమ నూటికి 17 వంతులకు మించరాదు. మబ్బు పట్టినచో మొలక వచ్చును. పొలము తడి, ఇల్లు ఇరుకు. నల్లగా వేడెక్కు తారు రోడ్డుకంటె మంచి కళ్ళము అతనికి ఎచట దొరకును? ఊరికొక సిమెంటు కళ్ళము ఏర్పడువరకు ఈ చిక్కు తీరదు. అంతవరకైనను రైతు సోదరులు మలుపులలోను, వంతెనల మొగలోను ఎండబోయకుండుట, సాయంకాలము ప్రోగుచేసి బరకము కప్పినపుడు హద్దు రాళ్ళను కూడ తీసివేయుట చేయవచ్చును. మాకు తెలిసినంతలో ధాన్యముకంటె, చీకటిలో రోడ్డుపై మిగిలిపోయిన ఆ రాళ్ళే క్రూరమైనవి.

ఎవరైనను పడియుండగా చూచినచో, వెంటనే లాగి నిలబెట్టరాదు. మెడ నొప్పి యన్నను, స్పృహ లేకున్నను కదల్పక, వెనుక వచ్చు వాహనములను ఆపి, 108కి ఫోను చేయవలెను. శ్వాస ఆడుచున్నంతవరకు హెల్మెట్టును ఊడలాగరాదు. సదుద్దేశముతో సహాయము చేసినవారిని కేసులలోనికి లాగకుండ 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేసిన సవరణ రక్షించుచున్నది. పేరు చెప్పుమని కూడ వారిని నిర్బంధింపరాదు. మమ్ము లేవనెత్తిన రైతునకు ఇవేవియు తెలియవు. మమ్ము ఆటో ఎక్కించి, మా బండిని తన పశువుల పాకలో పెట్టి, మరునాడు మనిషిచే పంపెను. సైలెన్సరు సందులలోనుండి వడ్లగింజలు వారము రోజులవరకు రాలుచునే యుండెను.