సముద్రంలో గాలిమరలు: తూకంలోకి ఎవరెవరు వస్తారు?

సముద్రం మీద గాలి ఊరికే వీస్తోంది, దాన్ని పట్టుకుని కరెంటు తీస్తే ఎవరికేం నష్టం అని చాలామంది అనుకుంటారు. పొగ లేదు, బూడిద లేదు, పొలాలు పోవు, ఊళ్ళు ఖాళీ చెయ్యక్కర్లేదు. ఇందులో మొదటి రెండు మాటలూ నిజం. పొలాల మాట దగ్గరే నాకు పేచీ. సముద్రంలోనూ పొలాలున్నాయి. వాటికి గట్లూ పట్టాలూ లేవు, అంతే.

నేను శ్రీకాకుళం జిల్లావాణ్ణి. 2010లో సోంపేటలోనూ, 2011లో కాకరాపల్లిలోనూ థర్మల్ కేంద్రాలు వద్దన్న జనం మీద పోలీసు కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. బొగ్గు బదులు గాలి అంటే సంతోషించేవాళ్ళలో మా జిల్లావాళ్ళు ముందుంటారు. కనక గాలిమరలు వద్దనడానికి నేనీ వ్యాసం రాయడం లేదు. తూకం ఎలా వెయ్యాలి, అందులో ఎవరెవర్ని లెక్కించాలి అన్నదే నా ప్రశ్న.

తూకం వెయ్యకుండా దిగితే ఏమవుతుందో ఫ్రాన్సులో తెలిసింది. రాన్స్ నది సముద్రంలో కలిసేచోట ఆటుపోట్లతో నడిచే 240 మెగావాట్ల విద్యుత్కేంద్రాన్ని 1966లో ప్రారంభించారు. కట్టే రోజుల్లో సుమారు మూడేళ్ళపాటు నదీముఖానికీ సముద్రానికీ మధ్య అడ్డుకట్ట వేశారు. ఉప్పునీటి పోటు ఆగిపోయేసరికి లోపలి జీవజాలం చాలావరకు నశించింది. తిరిగి కుదుటపడటానికి పదేళ్ళు పట్టింది. అప్పటికి కూడా కొన్ని జాతులు పోయి, వాటి చోట వేరేవి వచ్చాయి. గమనించండి, యంత్రం తిరగడం కంటే దాన్ని కట్టిన పద్ధతి వల్లనే ఎక్కువ చేటు జరిగింది.

డెన్మార్కు కథ వేరు. ప్రపంచంలో మొట్టమొదటి సముద్ర పవన విద్యుత్కేంద్రం 1991లో అక్కడి విండెబీ దగ్గర 11 మరలతో, సుమారు 5 మెగావాట్లతో మొదలైంది. దాని ఆయుర్దాయం తీరి 2017లో విప్పేశారు కూడా. 2002లో హార్న్స్ రెవ్ దగ్గర 80 మరలూ, 2003లో నీస్టెడ్ దగ్గర 72 మరలూ పెట్టినప్పుడు మాత్రం వాళ్ళొక మంచి పని చేశారు. మరలు పెట్టక ముందూ, పెడుతున్నప్పుడూ, పెట్టిన తరవాతా పక్షుల్నీ చేపల్నీ జలచరాల్నీ లెక్కపెట్టారు. నీస్టెడ్ మీదుగా వలసపోయే ఈడర్ బాతుల్ని రాడార్‌తో గమనిస్తే, అవి దూరం నుంచే మరల్ని పసిగట్టి పక్కకు తప్పుకుంటున్నాయని తేలింది. రెక్కలకు తగిలేంత దగ్గరగా వెళ్ళినవి నూటికి ఒకటి కూడా లేవు.

అసలు చిక్కు నీటి అడుగున ఉంది. మరను నిలబెట్టాలంటే చాలాచోట్ల పెద్ద ఉక్కు గొట్టాన్ని సముద్రపు అడుగులోకి సుత్తితో దిగ్గొట్టాలి. ఆ చప్పుడు గాలిలో కంటే నీటిలో ఎన్నో రెట్లు వేగంగా, చాలా దూరం పోతుంది. డాల్ఫిన్‌కు దగ్గరి చుట్టమైన పోర్పాయిస్ చెవితోనే దారి వెతుక్కునే జంతువు. గొట్టాలు దిగ్గొట్టేటప్పుడు పదిహేను కిలోమీటర్ల అవతలి పోర్పాయిస్‌లు కూడా పారిపోయిన సందర్భాలున్నాయి. అందుకే జర్మనీలో గొట్టానికి 750 మీటర్ల దూరంలో శబ్దం 160 డెసిబెల్స్ దాటకూడదని హద్దు పెట్టారు. చిల్లుల పైపును గొట్టం చుట్టూ అడుగున పరిచి గాలి వదిలితే, పైకి లేచే బుడగల తెర చప్పుడును చాలావరకు మింగేస్తుంది. చవకైన ఉపాయం కాదు గాని, పనిచేసే ఉపాయం.

నాకు ముఖ్యంగా తోచిన సంగతి ఇంకొకటుంది. హార్న్స్ రెవ్‌కు పోర్పాయిస్‌లు త్వరగానే తిరిగొచ్చాయి. నీస్టెడ్‌లో పదేళ్ళయినా పూర్వపు సంఖ్యకు చేరలేదు. ఒకే దేశం, ఫలితాలు రెండు! అలాంటప్పుడు డెన్మార్కు లెక్క తెచ్చి మన్నార్ సింధుశాఖకు అంటగడితే ఎలా? అక్కడ పగడపు దిబ్బలున్నాయి, సముద్రపు ఆవు ఉంది, 1986లో ప్రకటించిన 21 దీవుల జాతీయోద్యానం ఉంది.

ఇక మనుషుల సంగతి. డెన్మార్కులో మరల వల్ల వేట నష్టపోయే మత్స్యకారులకు పరిహారం మాట్లాడుకోవాలని చట్టమే ఉంది. కోపెన్‌హాగెన్ ఎదుట 2000లో పెట్టిన 20 మరల్లో సగం, ఎనిమిది వేల మందికి పైగా సభ్యులున్న సహకార సంఘానివి. కిటికీలోంచి కనిపించే మరలో తనకూ వాటా ఉంటే మనిషి దాన్ని చూసే చూపే మారుతుంది.

మన దేశంలో సముద్ర పవన విద్యుత్ విధానం 2015లో వచ్చింది. 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం 7,453 కోట్ల రూపాయల సాయం మంజూరు చేసింది. దానితో గుజరాత్ తీరాన 500, తమిళనాడు తీరాన 500 మెగావాట్లు రావాలి. ఆంధ్ర తీరం ఈ మొదటి వరసలో లేదు కదా, మనకెందుకు అంటారా?

మా జిల్లా నుంచీ, విజయనగరం నుంచీ వందలాదిమంది గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళి, అక్కడి సేట్ల పడవల మీద నెలల తరబడి జీతానికి వేట చేస్తారు. 2018 చివర్లో పాకిస్తాన్ వాళ్ళు పట్టుకుపోగా 2020 జనవరికి గాని ఇల్లు చేరని మనవాళ్ళు అలా వెళ్ళినవాళ్ళే. మరలకు ఎంచుకున్న ఖంబాత్ సింధుశాఖ ప్రాంతం వేరావల్‌కు దూరమే. కాని పడవలకు ఎల్లలుండవు. ఒకచోట వేట ఆగితే ఆ పడవలన్నీ పక్క నీళ్ళ మీద పడతాయి. రేపు పరిహారం అంటూ వస్తే అది పడవ కాగితం ఎవరి పేరున ఉందో వాళ్ళకు ముడుతుంది. పడవలో కలాసీగా ఉన్న మా ఊరివాడి పేరు ఏ కాగితంలో ఉంటుంది? వేట తగ్గిందని సేటు ఇద్దర్ని మానిపిస్తే ఆ నష్టం గుజరాత్ లెక్కలో కనపడదు, మన లెక్కలోనూ కనపడదు.

2008 ముంబయి దాడుల తరవాత సముద్ర మత్స్యకారులకు గుర్తింపు కార్డులిచ్చే పథకం మొదలైంది. అది భద్రత కోసం పెట్టింది. కాని అదే కార్డు ఆధారంగా ఏ పడవలో ఎవరు, ఏ జిల్లావాడు, ఎంత జీతం, ఎన్ని నెలలు అని మొదటి గొట్టం దిగకముందే ఒక రిజిస్టరు రాయొచ్చు. చేపల్ని లెక్కపెట్టడానికి వెళ్ళే శాస్త్రజ్ఞుల వెంట ఒక ఎకనామిక్స్ విద్యార్థిని, తెలుగు వచ్చినవాణ్ణి, పంపితే సరిపోతుంది.