గసాభాకు చిక్కిన తాళాలు

బడి లెక్కల్లో గసాభా (గరిష్ఠ సామాన్య భాజకం) కనుక్కోవడానికి రెండు పద్ధతులు నేర్పుతారు. రెండు సంఖ్యలనూ ప్రధాన కారణాంకాలుగా విడగొట్టి, రెండింట్లోనూ ఉన్నవాటిని ఏరి గుణించడం ఒకటి. భాగహార పద్ధతి రెండోది. 24, 36 లాంటి చిన్న సంఖ్యలకు ఏ దారిన వెళ్లినా జవాబు 12 ఇట్టే వచ్చేస్తుంది. సంఖ్యలు పెరిగేకొద్దీ మాత్రం ఈ రెండు పద్ధతులకూ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా.

ప్రధాన సంఖ్యను 1తోనూ, దానితోనూ తప్ప దేనితో భాగించినా శేషం మిగులుతుంది. 2, 3, 5, 7, 11 అలాంటివే. 1ని ఈ లెక్కలోకి తీసుకోరు. 60ని ఎటునుంచి విడగొట్టినా చివరికి తేలేవి రెండు 2లు, ఒక 3, ఒక 5. ప్రధాన సంఖ్యలకు అంతు లేదని క్రీ.పూ. 300 ప్రాంతంలోనే యూక్లిడ్ నిరూపించాడు. మనం నేర్చుకునే భాగహార పద్ధతి ఆయన ‘ఎలిమెంట్స్’ ఏడో భాగంలోనిదే. క్రీ.శ. 499లో ఆర్యభటుడు చెప్పిన కుట్టకం అనే పద్ధతి కూడా ఇలాగే శేషాలతో పదేపదే భాగించుకుంటూ పోయేదే.

8633 తీసుకుందాం. దీని కారణాంకాల కోసం 2, 3, 5, 7 అంటూ వరసగా ప్రధాన సంఖ్యలతో భాగించి చూడాలి. ఇరవై మూడుసార్లు శేషం మిగిలాక, ఇరవై నాలుగోదైన 89 దగ్గర తెగుతుంది: 89 × 97. ఇప్పుడు దాని పక్కన 8989 పెట్టి, రెండింటి కారణాంకాలూ తెలియవనే అనుకుందాం. 8989ని 8633తో భాగిస్తే శేషం 356. 8633ని 356తో భాగిస్తే శేషం 89. 356ని 89తో భాగిస్తే సున్నా.

మూడే భాగహారాలు! గసాభా 89 అని తేలింది. దాంతో 8989 అంటే 89 × 101 అని కూడా తెలిసిపోయింది. కారణాంకాల జోలికే వెళ్లకుండా ఉమ్మడి కారణాంకం బయటపడటం గణితంలోని అందమైన విషయాల్లో ఒకటి.

ఈ పద్ధతిలో భాగహారాల సంఖ్య చిన్న సంఖ్యలోని అంకెల సంఖ్యకు అయిదు రెట్లు దాటదని 1844లో ఫ్రెంచి గణితవేత్త గాబ్రియెల్ లామే చూపించాడు. అంటే 250 అంకెల సంఖ్యలకైనా 1,250 భాగహారాలు చాలు. కంప్యూటర్‌కు అది రెప్పపాటు పని. అదే 250 అంకెల సంఖ్యను రెండు ప్రధాన కారణాంకాలుగా విడగొట్టాలంటే? ఆర్‌ఎస్ఏ-250 అనే సంఖ్యను 2020లో విడగొట్టారు. ఒకే ప్రాసెసర్ కోర్ మీద చేస్తే ఆ పనికి సుమారు 2,700 ఏళ్లు పట్టేది.

1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ రూపొందించిన, సమాచారానికి తాళం వేసే ఆర్‌ఎస్ఏ పద్ధతి ఈ కష్టం మీదే నిలబడింది. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించి, లబ్ధాన్ని అందరికీ చూపిస్తారు. ఆ రెండింటినీ మాత్రం దాచిపెడతారు. పబ్లిక్ కీలో ముఖ్యమైనది ఈ లబ్ధమే; దాచిన రెండూ తెలిస్తే రహస్య కీ దొరికిపోతుంది.

2012లో అమెరికా పరిశోధకులు ఇంటర్నెట్‌ను జల్లెడ పట్టి, కోటీ పది లక్షల పబ్లిక్ కీలు సేకరించారు. ఏ ఒక్కదాన్నీ విడగొట్టే ప్రయత్నం చేయలేదు. ప్రతి జతకూ గసాభా చూశారంతే. అన్నింటినీ కలిపి ఒకేసారి లెక్కించే ఉపాయంతో రెండు గంటల్లోపే పని ముగించారు. చాలా జతలకు గసాభా 1 కాలేదు. ఒకే ప్రధాన సంఖ్యను పంచుకున్న కీలు మన 8633, 8989 లాగే విడిపోయాయి. తాము పరిశీలించిన సురక్షిత వెబ్ సర్వర్లలో 0.5 శాతం వాటి రహస్య కీలు ఇలా వారి చేతికి వచ్చాయి.

వాటిలో ఎక్కువ భాగం రౌటర్లు, ఫైర్‌వాల్‌లు లాంటి పరికరాలవి. మొదటిసారి స్విచ్ వేయగానే అవి కీ తయారు చేసుకునేవి. ప్రధాన సంఖ్యలను ఊహకందకుండా ఎంచుకోవడానికి కావలసిన యాదృచ్ఛికత ఆ క్షణానికి లోపల పెద్దగా పోగుపడి ఉండేది కాదు. దాంతో ఎక్కడెక్కడో ఉన్న రెండు పరికరాలు మొదటి ప్రధాన సంఖ్యగా ఒకదాన్నే ఎంచుకునేవి. రెండోదాన్ని ఎంచుకునేలోపు గడియారం కాస్త కదిలి, అది వేరయ్యేది. పరిశోధకులు తయారీ కంపెనీలకు ఈ సంగతి తెలియజేశారు. తగినంత యాదృచ్ఛికత సమకూరాకే పరికరం కీ తయారు చేసుకోవాలని సూచించారు.