నోట్సు నుంచి పరిచయం దాకా: సి.ఆర్.రావు గురించి ఎలా చెప్పాలి?

గణాంకశాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు (సి.ఆర్.రావు) పేరు హైదరాబాదులో చాలామంది విన్నదే. గచ్చిబౌలిలో ఆయన పేరిట ఒక రోడ్డుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఆయన పేరిటే ఒక పరిశోధన సంస్థ ఉంది. 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టు 22న, 102 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. ఇంతకీ ఆయన ఏం కనిపెట్టారని అడిగితే మాత్రం జవాబు చెప్పగలిగేవారు తక్కువ. ఈ లోటుకు మనం చేసే పరిచయాలు కూడా ఒక కారణం.

ఏటా జూన్ 29న, గణాంకశాస్త్రవేత్త మహలనోబిస్ పుట్టినరోజున, జాతీయ గణాంక దినోత్సవం జరుగుతుంది. ఆ సందర్భంగా ఉస్మానియా క్యాంపస్‌లో జరిగే సభలో ఒక విద్యార్థి రావుగారిని ఐదు నిమిషాల్లో పరిచయం చేయాలనుకుందాం. నోట్సుకు కొదవ ఉండదు. 1920 సెప్టెంబరు 10న హడగళిలో జననం. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం. 1943లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి స్టాటిస్టిక్స్‌లో ఎం.ఏ. 1948లో కేంబ్రిడ్జిలో ఆర్.ఎ.ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ. 1968లో పద్మభూషణ్, 2001లో పద్మవిభూషణ్, 2002లో అమెరికా నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్. అన్నీ నిజాలే. కానీ వీటిని వరసగా చదివితే అది బయోడేటా అవుతుంది. లోకం ఆయనను గౌరవించిందని తెలుస్తుంది, ఎందుకు గౌరవించిందో తెలియదు.

అందుకే రాయడం మొదలుపెట్టే ముందు నోట్సులో ఒక్క విషయం వెతకాలి. ఈయన ఏ ప్రశ్నకు జవాబు చెప్పారు? గణితవేత్త జీవితానికి ఇరుసు ఆ ప్రశ్నే. అది దొరికాక మిగతా వివరాల్లో ఏవి కావాలో, ఏవి అక్కర్లేదో సులభంగా తేలుతుంది.

రావుగారి ప్రశ్నను అర్థం చేసుకోవడానికి ఉస్మానియా పక్కనున్న తార్నాక దాటి వెళ్లనక్కర్లేదు. అక్కడి జాతీయ పోషకాహార సంస్థ వంటి సంస్థలు జనం తిండిని, ఆరోగ్యాన్ని సర్వే చేస్తాయి. ఒక జిల్లాలో పిల్లల హిమోగ్లోబిన్ సగటు ఎంతో తెలియాలనుకుందాం. అందరికీ రక్తపరీక్ష చేయలేం. ఓ వందమందిని నమూనాగా (మొత్తం జనాభాకు ప్రతినిధులుగా ఎంచుకున్న చిన్న గుంపు) తీసుకుంటాం. ఆ కొందరి నుంచి అందరి సగటును అంచనా వేస్తాం. వేరే వందమందిని తీసుకుంటే ఇంకో అంకె వస్తుంది. అంటే ప్రతి అంచనాలోనూ కొంత ఊగిసలాట ఉంటుంది. లెక్కకట్టే పద్ధతి మెరుగైతే ఊగిసలాట తగ్గుతుంది. మరి తెలివైన పద్ధతులు వెతుక్కుంటూ పోతే దాన్ని ఎంతవరకు తగ్గించగలం? ఎక్కడైనా హద్దు ఉందా?

హద్దు ఉందని రావుగారు నిరూపించారు. సగటున ఎటూ మొగ్గని ఏ అంచనా పద్ధతికైనా, కొన్ని షరతులకు లోబడి, విస్తృతి (ఊగిసలాటను చెప్పే కొలత) ఒక స్థాయికి దిగువకు పోదు. ఆ స్థాయిని నిర్ణయించేది డేటాలో ఉన్న సమాచారం. సమాచారం పెరిగితేనే హద్దు కిందికి దిగుతుంది. మన ఉదాహరణలో వందమందికి బదులు నాలుగువందలమందిని పరీక్షిస్తే పొరపాటు సుమారు సగమవుతుంది. కాబట్టి సర్వే చేసేవారికి రెండు సంగతులు ముందే తెలుస్తాయి. ఒకటి, తమ పద్ధతి హద్దుకు ఎంత దగ్గరలో ఉంది. రెండు, ఇంకా కచ్చితత్వం కావాలంటే ఎంత డేటా సేకరించాలి. రాడార్ ఒక వస్తువు స్థానాన్ని ఎంత కచ్చితంగా చెప్పగలదో తేల్చడానికి ఇంజినీర్లు కూడా ఇదే హద్దును వాడతారు.

ప్రశ్న తేలాక అది పుట్టిన సందర్భం కావాలి. 1944లో రావుగారు కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతున్నారు. నమూనా చాలా పెద్దదైనప్పుడు ఇలాంటి హద్దు ఉంటుందన్న ఫిషర్ ఫలితాన్ని వివరించారు. చిన్న నమూనాలకూ ఇలాంటిది నిరూపించగలమా అని వి.ఎం.దండేకర్ అనే విద్యార్థి అడిగారు. ఆయనే తర్వాత పేరున్న ఆర్థికవేత్త అయ్యారు. రావుగారు ఆ రాత్రి కూర్చుని నిరూపణ సాధించి, మర్నాడు తరగతిలో చూపించారు. 1945లో అది కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయింది. 2023 నాటి బహుమతి ఆ వ్యాసానికే. పరిచయాన్ని ఇక్కడ మొదలుపెడితే సభ మొదటి నిమిషంలోనే ప్రశ్నలోకి వస్తుంది.

ఇక మిగతా నోట్సును ఈ ప్రశ్న పక్కన పెట్టి చూడాలి. ఎనిమిదో సంతానం కనుక కృష్ణుడి పేరు పెట్టారన్న సంగతి ముచ్చటైనదే. కానీ ఐదు నిమిషాల్లో దాన్ని వదిలేయవచ్చు. తెల్లవారుజామున నాలుగింటికే లేపి, చదువుకోవడానికి దీపం వెలిగించిన తల్లి లక్ష్మీకాంతమ్మను ఆయన ఒక పుస్తకం అంకితంలో తలచుకున్నారు. ఒక నిరూపణ కోసం రాత్రంతా కూర్చున్న యువకుడి పక్కన ఆ వివరం బాగా ఇముడుతుంది. అవార్డులన్నీ చివర ఒక్క వాక్యంలో సరిపోతాయి.

మరో జాగ్రత్త కూడా అవసరం. ఈ ఫలితాన్ని క్రామెర్-రావు అసమానత అంటారు. స్వీడన్ గణితవేత్త హెరాల్డ్ క్రామెర్ 1946లో స్వతంత్రంగా ఇదే ఫలితాన్ని ప్రచురించారు. రావుగారి 1945 వ్యాసంలోని మరో ఫలితానికి అమెరికా గణాంకశాస్త్రవేత్త డేవిడ్ బ్లాక్‌వెల్ 1947లో స్వతంత్రంగా చేరుకున్నారు. ఈ పేర్లు చెబితే రావుగారి స్థాయి తగ్గదు. ఆ ప్రశ్న ఎంత ముఖ్యమైనదో, ఆయన ఎంత ముందుగా దాన్ని పట్టుకున్నారో తెలుస్తుంది. అందరికంటే గొప్ప, ఏకైక వంటి విశేషణాల అవసరమూ తప్పుతుంది.

రాసినది పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. గణితం చదవని ఒక స్నేహితుడికి వినిపించి, ఈయన ఏం చేశారని అడగాలి. చాలా అవార్డులు తెచ్చుకున్నారని జవాబొస్తే మళ్లీ రాయాలి. డేటాలో ఉన్న సమాచారాన్ని మించిన కచ్చితత్వం ఎంత తెలివైన పద్ధతికీ రాదని నిరూపించారని ఆ స్నేహితుడు తన మాటల్లో చెప్పగలిగితే, ఆ పరిచయం సభకు సిద్ధమైనట్టే.