ఎండకు నిలిచే గీత: వినైలు పట్టీల వెనుక రసాయన శాస్త్రం

కువైట్ రహదారులపై తిరిగే కార్లు, పికప్పులు, సరుకు బండ్ల పక్క భాగాలపై ముందు చక్రం నుండి వెనుక చక్రం దాకా సాగే రంగు గీతలను పాఠకులు చూసే ఉంటారు. వీటిలో అనేకం కుంచెతో గీసినవి కావు. వెనుక జిగురు పూసిన పలుచని వినైలు పట్టీలు. షువైఖ్ పారిశ్రామిక వాడలోని దుకాణాలలో ఇటువంటి పట్టీని అతికించడం కొద్దిసేపటి పని. అయితే ఒకే రోజున అతికించిన రెండు పట్టీలలో ఒకటి ఏళ్ల తరబడి నిలువగా, మరొకటి మొదటి వేసవిలోనే అంచులు ముడుచుకొని చిట్లిపోవచ్చు. జిగురు చాలకపోవడమే ఇందుకు కారణమని సాధారణంగా భావిస్తారు. నిజానికి చాలా సందర్భాలలో లోపం జిగురులో ఉండదు. దాని కింద ఉన్న తలంలోనో, దాని పైన ఉన్న పొరలోనో ఉంటుంది.

ఈ విషయం కేవలం అలంకారానికి సంబంధించినది కాదు. కడప, చిత్తూరు ప్రాంతాల నుండి, గోదావరి జిల్లాల నుండి కువైట్ చేరిన తెలుగువారిలో డ్రైవర్లు, మెకానిక్కులు, పెయింటర్లు ఎందరో ఉన్నారు. పట్టీ ఖరీదు స్వల్పమే. కాని దానిని పెరికేటప్పుడు రంగు లేచిపోతే తలుపు మొత్తానికి మళ్లీ రంగు వేయించవలసి వస్తుంది. ఆ ఖర్చు చిన్నది కాదు.

ఆరని జిగురు

గోడలకు సినిమా పోస్టర్లు అంటించే మైదా జిగురు తడిగా ఉన్నప్పుడు వ్యాపించి, ఆరిన తరువాత గట్టిపడి పట్టుకుంటుంది. వినైలు పట్టీ వెనుక ఉన్న జిగురు ఎన్నటికీ ఆరదు. ఇది సాధారణంగా ఆక్రిలిక్ జాతికి చెందిన పాలిమర్. అంటే వేలాది చిన్న అణువులు గొలుసులుగా కలిసి ఏర్పడిన పదార్థం. నెమ్మదిగా ఒత్తినప్పుడు అది చిక్కని ద్రవం వలె పారి, తలంలోని సూక్ష్మమైన ఎత్తుపల్లాలలోకి చొరబడుతుంది. హఠాత్తుగా లాగినప్పుడు ఘనపదార్థం వలె ఎదురు నిలుస్తుంది. ఒత్తిడితో అంటుకునే ఈ తరహా టేపులకు, వాహనాల రంగుకు సంబంధం పాతదే. అమెరికాలోని 3ఎం సంస్థలో రిచర్డ్ డ్రూ 1925లో మాస్కింగ్ టేపును రూపొందించినది కార్లకు రెండు రంగులు వేసే పెయింటర్ల ఇబ్బంది తీర్చడానికే.

జిగురు అణువులకు, రంగు పొరకు మధ్య పనిచేసే అసంజన బలాలు అతి స్వల్ప దూరంలోనే ప్రభావం చూపుతాయి. ఈ రెంటి నడుమ మరొక పొర చేరితే అతుకు ఆ పొరతోనే కాని, వాహనంతో కాదు. పనసకాయ కోసే గృహిణి ముందుగా చేతులకు, కత్తికి నూనె రాసుకోవడంలోని సూత్రం ఇదే. పనస పాలు నూనెను అంటుకుంటాయి, చేతిని అంటుకోవు. కారుకు మెరుగు కోసం పూసిన మైనం సరిగ్గా ఈ నూనె పనే చేస్తుంది. కువైట్‌లో దీనికి తోడు సన్నని ఎడారి ధూళి, సముద్రపు గాలి తెచ్చే ఉప్పు కూడా చేరతాయి.

పూరీ, పూతరేకు

ఇక పై పొర సంగతి. వినైలు అనగా పాలీవినైల్ క్లోరైడు. దీని బరువులో సుమారు 57 శాతం క్లోరినే. స్వతహాగా ఇది బిరుసైనది. బి.ఎఫ్. గుడ్‌రిచ్ సంస్థలోని రసాయన శాస్త్రవేత్త వాల్డో సీమన్ 1926లో దీనిని కొన్ని ద్రావకాలతో వేడిచేసి, సాగే గుణం గల పదార్థంగా మార్చగలిగారు. ఆయన అసలు వెదుకుతున్నది రబ్బరును లోహానికి అతికించే జిగురు కోసం కావడం గమనార్హం. నేటికీ వినైలు పొరలను మెత్తబరచడానికి ప్లాస్టిసైజర్లనే పదార్థాలను కలుపుతారు. ఏళ్ల తరబడి వేడికి ఇవి మెల్లగా ఆవిరవుతాయి లేదా జిగురులోకి వలసపోతాయి. అప్పుడు పొర పెళుసెక్కుతుంది, జిగురు వదులవుతుంది. అతినీలలోహిత కిరణాలు పాలిమర్ గొలుసులను దెబ్బతీసి ఈ క్షీణతను వేగవంతం చేస్తాయి.

పొరను తయారుచేసే పద్ధతులు ప్రధానంగా రెండు. మొదటి పద్ధతిలో వేడి వినైలును రోలర్ల మధ్య నలిపి పలుచగా సాగదీస్తారు. ఒత్తిన పూరీ కాసేపటికి కొంత వెనక్కు ముడుచుకున్నట్లే, ఈ పొర కూడా వేడి తగిలినప్పుడు పూర్వపు కొలతకు మరలిపోవాలని చూస్తుంది. రెండవ పద్ధతిలో ద్రవరూప మిశ్రమాన్ని పలుచగా పోసి, వేడితో గట్టిపరుస్తారు. ఆత్రేయపురం పూతరేకు బోర్లించిన వేడి కుండపై ఏర్పడే తీరు ఇటువంటిదే. సాగదీయలేదు కనుక దీనికి ముడుచుకునే స్వభావం చాలా తక్కువ. పోత పొర మందం సాధారణంగా 50 మైక్రాన్ల ప్రాంతంలో, రోలరు పొర మందం 75 నుండి 100 మైక్రాన్ల వరకు ఉంటుంది. కనుక మందంగా ఉన్నదే మన్నికైనదని భావించడం పొరపాటు.

కువైట్ వేసవి ఈ తేడాను వెంటనే బయటపెడుతుంది. 2016 జూలై 21న అక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత నమోదైనట్లు ప్రపంచ వాతావరణ సంస్థ 2019లో ధ్రువీకరించింది. అది నీడలోని గాలి ఉష్ణోగ్రత. ఎండలో నిలిచిన ముదురు రంగు వాహనపు రేకు 70 డిగ్రీలను దాటగలదు. ఉష్ణోగ్రత 50 డిగ్రీలు పెరిగితే మీటరు పొడవు గల ఉక్కు సుమారు 0.6 మిల్లీమీటరు సాగుతుంది. వినైలు అంతకు అనేక రెట్లు సాగాలని చూస్తుంది. పగలు సాగడానికీ రాత్రి కుంచించుకోవడానికీ మధ్య జరిగే ఈ పోరాటపు భారమంతా అంచుల వద్ద జిగురుపైనే పడుతుంది.

అతికించే విధానం

పై సూత్రాలు తెలిసిన తరువాత పని క్రమం సులభంగా బోధపడుతుంది. వాహనాన్ని సబ్బునీటితో కడిగి ఆరబెట్టాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడిచి, అది ఆవిరయ్యేలోగా మరొక పొడి గుడ్డతో మళ్లీ తుడవాలి; లేనిచో కరిగిన మైనం అక్కడే తిరిగి మిగిలిపోతుంది. ఆల్కహాలు మండే స్వభావం కలది కనుక గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా వాడాలి. గ్యారేజీలో కొత్తగా రంగు వేసిన భాగమైతే కొన్ని వారాలు ఆగాలి. రంగులోని ద్రావకాలు పూర్తిగా వెలువడకపోతే పట్టీ కింద బుడగలు లేస్తాయి.

రేకు ఉష్ణోగ్రత సుమారు 10 నుండి 32 డిగ్రీల మధ్య ఉండడం మంచిది. అంతకంటే చల్లగా ఉంటే జిగురు పారదు. మరీ వేడిగా ఉంటే తాకగానే పట్టేసి సరిదిద్దుకోనివ్వదు. మెత్తబడిన పట్టీ చేతిలోనే సాగిపోతుంది. అలా సాగిన పట్టీ తరువాత తప్పక ముడుచుకుంటుంది. కువైట్‌లో జూన్ 1 నుండి ఆగస్టు 31 వరకు ఉదయం 11 నుండి సాయంత్రం 4 గంటల దాకా ఆరుబయట ఎండలో పని చేయించడం నిషిద్ధం. మనుషుల ప్రాణరక్షణకు పెట్టిన ఆ నియమం పట్టీకి కూడా హితవే. వేసవిలో చల్లబరచిన గదిలో చేయడమే ఉత్తమం.

మాస్కింగ్ టేపుతో ముందుగా హద్దు గీసుకొని, వెనుక కాగితాన్ని కొద్దికొద్దిగా తీస్తూ, పట్టీని బిగువుగా కాని సాగదీయకుండా కాని పరచాలి. మెత్తని ప్లాస్టిక్ బిళ్లతో మధ్య నుండి అంచులకు ఒత్తాలి. తలుపు సందుల వద్ద కోసి, కొనలను గట్టిగా అదమాలి. జిగురు పూర్తిగా పారడానికి వ్యవధి కావాలి కనుక కనీసం ఒక రోజు కడగరాదు.

తొలగించేటప్పుడు

పట్టీని పెరికినప్పుడు మూడు బంధాలలో బలహీనమైనదే తెగుతుంది. జిగురుకూ రంగుకూ మధ్యనున్న బంధం తెగితే పని శుభ్రంగా ముగుస్తుంది. జిగురులోని సంసంజన బలం తక్కువైతే బంక మిగులుతుంది. రంగుకూ రేకుకూ మధ్యనున్న బంధమే బలహీనమైతే రంగు లేస్తుంది. సరిగా వేయని మరమ్మతు రంగుకు ఈ ప్రమాదం ఎక్కువ. హాట్ ఎయిర్ గన్‌తో గోరువెచ్చగా చేసి, వెనక్కు మడచి నెమ్మదిగా లాగితే జిగురు మెత్తబడి సులభంగా వదులుతుంది. నిప్పు సెగ మాత్రం చూపరాదు. అతిగా కాలిన వినైలు నుండి ఊపిరితిత్తులకు హాని చేసే హైడ్రోజన్ క్లోరైడు వెలువడుతుంది.

శుభ్రమైన తలం, తగిన ఉష్ణోగ్రత, కొంత వ్యవధి: ఈ మూడింటికీ అయ్యే ఖర్చు అత్యల్పం. పట్టీ కొనేటప్పుడు పోత పొరా, రోలరు పొరా అని ఒక్క ప్రశ్న అడగడానికి అసలు ఖర్చే లేదు. వేసవి గడిచాక గీత నిలిచి ఉంటుందా లేదా అన్నది చాలావరకు ఆ ప్రశ్నతోనే తేలిపోతుంది.