చెప్పిన కథ, చెప్పని కథ

తెలంగాణ సాయుధ పోరాటం (1946–51) నుండి ప్రాణాలతో మిగిలిన స్త్రీల జ్ఞాపకాలను స్త్రీశక్తి సంఘటన వారు సేకరించి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అను పేర ప్రకటించారు. అంతవరకు వారిని అడిగినవారు అరుదు.

చెప్పేది ఎవరన్నదానిని బట్టి కథ మారుతుంది. తిక్కన స్త్రీపర్వంలో గాంధారి కృష్ణుని నిలదీసింది. రాణి గనుక నిలదీయగలిగింది. భూస్వామ్య కుటుంబంలో జన్మించిన మల్లు స్వరాజ్యం రహస్య జీవితంలో ‘రాజక్క’ అయినారు. ఆమె తలకు పదివేల రూపాయల వెల కట్టిన ఆ రోజులలో అసలు పేరును దాచుకొనడమే ప్రాణరక్షణ. తరువాతి కాలంలో ఆమె శాసనసభ్యురాలైనారు. ఆమె మాటకు వేదికలు లభించాయి.

వెట్టి కుటుంబం నుండి వచ్చిన కమలమ్మకు అట్టి వేదిక లేదు. దళంతో అడవులలో తిరుగుతూ ఆమె తన పసిబిడ్డను ఇతరులకు అప్పగించవలసి వచ్చింది. బిడ్డ ఏడ్పు వినిపిస్తే దళమంతటికీ ముప్పు. తుపాకులను, గ్రామాలను లెక్కించిన చరిత్రలకు ఈ నష్టం పట్టలేదు.

విద్యార్థులు గమనింపదగిన విషయం మరొకటి ఉన్నది. పోరాట విరమణానంతరం పలువురు తిరిగి ఇంటిపనికే మళ్లవలసి వచ్చింది. పురుషులతో కలిసి దళంలో తిరిగిన స్త్రీ శీలాన్ని లోకం శంకించింది. కనుక కొన్ని సంగతులను వారు మరువలేదు, దాచుకొన్నారు. అడిగినవారు కూడ స్త్రీలే అగుటచేత, వాటిలో కొన్ని మూడు దశాబ్దాల తరువాతనైనా బయటికి వచ్చాయి.