ప్లాస్టిక్కుకూ ముసలితనం వస్తుంది

హైదరాబాదులో ఉస్మాన్‌గంజ్, బేగంబజారు టోకు అంగళ్ల నుంచి జిల్లాలకు పోయే సరుకులో ప్లాస్టిక్ సామాను కూడా ఉంటుంది. లారీకెత్తేది హమాలీ, చేలో వాడేది కూలీ. అమ్మేవాళ్లు చెప్పే మాట ఒకటే: తుప్పు పట్టదు, చెద పట్టదు, తరాలు ఉంటది. తుప్పు పట్టదు, చెదా పట్టదు, నిజమే. కాని ముసలితనం వస్తుంది. అది ఎట్లా వస్తుందో మనకు తెలిసి తీరాలి. పైపు పగిలితే రైతుకు డబ్బు నష్టం. మందు గొట్టం పగిలితే కూలీకి ప్రాణం మీదికే వస్తుంది.

బోరు దగ్గర పనిచేసేవాళ్లకు ఒక సంగతి తెలుసు. పి.వి.సి. పైపు మూతిని మంట సెగకు కాస్తే, కర్రలా ఉన్నది కాస్తా తోలులా మెత్తబడుతుంది. రెండో పైపును లోపలికి తోసి చల్లారనిస్తే మళ్లీ బిగుసుకుంటుంది. మంచుగడ్డ కరిగినట్టు కరిగి నీరు కాలేదు, గట్టిది మెత్తనయింది, అంతే. గట్టి పి.వి.సి.కి ఇది సుమారు 80 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర జరుగుతుంది. శాస్త్రజ్ఞులు దీన్ని గాజు దశ మార్పు అంటారు. ఆ మెట్టుకు పైన సరుకు రబ్బరులా సాగుతుంది, కింద గాజులా బిగుస్తుంది. సహజ రబ్బరుకు ఈ మెట్టు సున్నాకు దాదాపు 70 డిగ్రీలు కింద ఉంది. అందుకే మన చలికి రబ్బరు రబ్బరుగానే ఉంటుంది. ఒక హెచ్చరిక: పైపును మాడనివ్వరాదు. మాడితే వచ్చే పొగలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది, ఊపిరితిత్తులకు చేటు.

ఇక ముసలితనం సంగతి. ప్లాస్టిక్ అంటే పొడుగాటి అణువుల గొలుసులు. ఫ్యాక్టరీలో వేడి పైపును గబగబా చల్లార్చేసరికి, అవి సర్దుకునే వ్యవధి లేక ఉన్నవి ఉన్నట్టే బిగుసుకుపోతాయి. ధాన్యం గబగబా బస్తాలో పోస్తే గింజల మధ్య సందు మిగలదూ? బండి కుదుపుకు గింజ దిగి బస్తా వెలితి పడదూ? పైపులోనూ అంతే. నెలలు, ఏండ్లు గడిచేకొద్దీ గొలుసులు కొద్దికొద్దిగా సర్దుకుంటాయి. పైపు ఇంకా గట్టిపడుతుంది, కాని దెబ్బను ఓర్చుకునే గుణం తగ్గుతుంది. దీనికి భౌతిక వృద్ధాప్యం అని పేరు. హాలెండు శాస్త్రజ్ఞుడు స్ట్రూయిక్ 1978లో దీనిమీద ఒక గ్రంథమే ప్రకటించాడు. వేడికి ఈ సర్దుబాటు తొందరగా సాగుతుంది. 80 డిగ్రీలు దాటించి కాస్తే చెరిగిపోతుంది కూడా. కాని ఎండ కిరణాలు గొలుసులనే తెంపితే వచ్చే ముసలితనం వేరు, దానికి తిరుగు లేదు.

మందు కొట్టే పంపుకు వాడే మెత్తటి పి.వి.సి. గొట్టంలో నూనెలాంటి పదార్థం కలుపుతారు. అది గాజు మెట్టును కిందికి దించుతుంది. ఎండకూ, మందుల్లోని ద్రావకాలకూ ఆ నూనె మెల్లగా పోతుంది. మెట్టు పైకి లేస్తుంది. గొట్టం మొండిబారి వంగినచోట చిట్లుతుంది. పురుగుమందు కూలీ వీపు మీద కారుతుంది.

ఇది చిన్న విషయం కాదు. 1986 జనవరి 28న అమెరికా చాలెంజర్ అంతరిక్ష నౌక గాలిలోనే ముక్కలై ఏడుగురు చనిపోయారు. ఆ ఉదయపు చలికి రాకెట్ అతుకుల్లోని రబ్బరు వలయాలు బిగుసుకుపోయి సందు మూయలేకపోయాయి. ఇంజనీర్లు ముందురోజే హెచ్చరించారు, పైవాళ్లు వినలేదు. పని తెలిసినవాళ్ల మాట తోసిపుచ్చితే ఎంత పెద్ద దేశంలోనైనా జరిగేది ఇదే.

కనుక పైపు కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తు, 4985 నంబరు చూడాలి. ఎండలో పడి రంగు వెలిసినది వద్దనాలి. పైపులను నీడలో చదునుగా పరచాలి, లారీ మీదనుంచి విసరరాదు. గొట్టం మొండిబారినా, వంచినచోట చీలిక కనబడినా మార్చాలి. ఆ ఖర్చు పంపు యజమానిది, కూలీది కాదు. పాత గొట్టంతోనే కొట్టమంటే, మార్చేదాకా పంపు ఎత్తేది లేదని పదిమందీ కలిసి చెప్పాలి.