ఏ.ఆర్.టి. మందులు వాడేవారికి కంటి స్కాన్ ఎందుకు?

ఏ.ఆర్.టి. మందులు వాడేవారు కొందరు కంటి ఓపీకి వచ్చినప్పుడు ఆ సంగతి చెప్పరు. "బి.పి. మాత్రలు వేసుకుంటున్నాను" అని ఊరుకుంటారు. పక్కన బంధువులుంటే నోరు రాదు, మాకు తెలుసు. కానీ మందు పేరు తెలియకపోతే కంటి డాక్టరుగారికి అనుమానం ఎటు పోవాలో తెలియదు.

సెకండ్ లైన్ మందులైన అటజనావిర్, లోపినావిర్‌లతో కలిపి రిటోనావిర్ అనే మందు ఇస్తారు. అసలు మందు లివరులో త్వరగా కరిగిపోకుండా ఇది కాపాడుతుంది. దీన్ని దీర్ఘకాలం వాడిన కొద్దిమందికి రెటీనా దెబ్బతిన్నట్లు అమెరికా డాక్టర్లు 2011లో రాశారు. ఇది చాలా అరుదు, అందరూ బెంగ పడనక్కరలేదు.

రెటీనా అంటే కంటి లోపల వెనుక గోడకు ఉండే పల్చని పొర. దాని నడిమి భాగమే మాక్యులా. అక్షరాలు చదవడం, సూదిలో దారం ఎక్కించడం, మనిషి ముఖం గుర్తుపట్టడం అన్నీ దానితోనే. ఈ మందు దెబ్బ ముఖ్యంగా అక్కడే, సాధారణంగా రెండు కళ్ళకూ తగులుతుంది. చూపు మెల్లగా మసకబారుతుంది కాబట్టి శుక్లం అనో, వయసు అనో అనుకుంటారు. అద్దాలు మార్చినా గుణం కనిపించదు.

ఓ.సి.టి. స్కాన్‌లో, ఉల్లిపాయను కోసి చూసినట్లు, రెటీనా పొరలు విడివిడిగా కనిపిస్తాయి. ఏ పొర పలుచబడింది, ఎక్కడ నీరు చేరింది తెలుస్తుంది. ఇంకో రకం ఫోటోలో నీలి కాంతి వేస్తే రెటీనా అడుగున ఉన్న రంగు పొర మెరుస్తుంది, కణాలు చచ్చిన చోట నల్లగా ఉంటుంది. సూది లేదు, ఎక్స్‌రే కాదు, నొప్పి ఉండదు. గడ్డం ఆనించి కదలకుండా చూస్తే చాలు. కంట్లో చుక్కలు వేస్తే కొన్ని గంటలు మసకగా ఉంటుంది, బండి నడపకూడదు, తోడు తెచ్చుకోండి. డాక్టరుగారితో మాట్లాడేటప్పుడు ఆ తోడు వచ్చినవారిని బయట కూర్చోమని మేమే చెబుతాం. మీ సమ్మతి లేకుండా మీ సంగతి బయటపెట్టకూడదని 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టం కూడా చెబుతోంది.

చచ్చిన కణాలు తిరిగి రావు, అందుకే ఆలస్యం చేయవద్దు. అలాగని మీ అంతట మీరు మాత్రలు మానేయకండి. మానేస్తే సి.డి.4 పడిపోతుంది. అది 50 కన్నా తగ్గినవారికి సి.ఎం.వి. వైరస్ రెటీనాకు సోకి చూపే పోవచ్చు. కన్ను కాపాడుకుందామని మందు ఆపితే కన్నుకే ముప్పు! స్కాన్‌లో తేడా ఉంటే ఆ కాగితం ఏ.ఆర్.టి. సెంటరుకు తీసుకెళ్ళండి. ఇప్పుడు డోలుటెగ్రావిర్ వంటి మందులున్నాయి, మార్చవచ్చో లేదో అక్కడి డాక్టరుగారు చూస్తారు.

కంటి ఓపీకి వచ్చేటప్పుడు ఏ.ఆర్.టి. పుస్తకం వెంట తెచ్చుకోండి. నోటితో చెప్పడం కష్టమైతే డాక్టరుగారి చేతిలో పెడితే సరిపోతుంది. పాత స్కాన్ కాగితాలు పారేయకండి, కొత్తవాటితో పోల్చి చూడాలి.